పరదేశమున మన వాకిలి

రాయబారమనగానే మన గ్రామములలో పెద్దలకు శ్రీకృష్ణుడు గుర్తునకు వచ్చును. పందిరి వేసి, తెర కట్టి, తెల్లవారులును తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకమును చూచిన తరము వారిది. శ్రీకృష్ణుడు హస్తినాపురమునకు పోయి, పాండవుల మాటను కౌరవసభలో వినిపించి, తిరిగి వచ్చును. అంతటితో రాయబారము ముగియును. ఈనాటి రాయబారి యట్లు తిరిగి రాడు. అతడు పరదేశపు రాజధానిలో కార్యాలయము తెరచి, సంవత్సరముల తరబడి అచ్చటనే నివసించును. అతని పని రెండు విధములు. తన ప్రభుత్వపు మాటను ఆ దేశపు ప్రభుత్వమునకు తెలియజేయుట మొదటిది. ఇది పత్రికలలో పడును. ఆ దేశమున బ్రదుకుచున్న తన దేశీయులను కనిపెట్టి యుండుట రెండవది. ఇది పత్రికలలో అంతగా పడదు. మొగల్తూరు వంటి గ్రామమునకు అక్కరకు వచ్చునది ఈ రెండవ పనియే.

మొగల్తూరు పశ్చిమ గోదావరి జిల్లాలో, నరసాపురమునకు పడమరగా కొలది మైళ్ళ దూరమున నున్నది. దక్షిణమున పేరుపాలెపు సముద్రతీరము. వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, స్త్రీలు ఇంటి అరుగులపై కూర్చుండి అల్లు లేసు — ఇవి ఈ ప్రాంతపు జీవనాధారములు. కొన్ని దశాబ్దములుగా వీటికి మరియొకటి తోడైనది. అది గల్ఫు ప్రయాణము. డెల్టా గ్రామముల నుండి స్త్రీలు కువైట్‌కు, మస్కట్‌కు, దుబాయికి పోయి, అచ్చటి ఇండ్లలో వంట చేయుచు, పిల్లలను పెంచుచు, వృద్ధులకు పరిచర్య చేయుచు జీతము సంపాదించుచున్నారు. పురుషులు కారు నడపుటకు, తాపీపనికి, ఇతరములైన పనులకు పోవుచున్నారు. గల్ఫు దేశములన్నిటిలో కలిపి సుమారు 90 లక్షల మంది భారతీయులు గలరు. చిన్నదేశమైన కువైట్‌లోనే వారి సంఖ్య 10 లక్షలకు చేరువగా నున్నది. ఈ పాఠము చదువుచున్న మీలో కొందరి తల్లులు ఈ క్షణమున అచ్చటనే యుండవచ్చును. మనకు ఉదయము పది గంటలైనప్పుడు కువైట్‌లో ఏడున్నర. మీరు రెండవ పీరియడులో నుండగా ఆమె యజమాని పిల్లలకు ఫలహారము పెట్టుచుండును.

అట్టి తల్లికిని మన దేశమునకును నడుమనున్న సంబంధము ఎచ్చట నిలిచియున్నది? ఫోనులో మాట్లాడుకొనుట కుటుంబ సంబంధము. దేశ సంబంధము వేరు. అది కాగితముల మీదను, పుస్తకములలోని పేర్ల మీదను, వాటిని భద్రపరచు కార్యాలయము మీదను నిలిచియున్నది.

ఆ కార్యాలయమే రాయబార కార్యాలయము. ఇది న్యూఢిల్లీలోని విదేశాంగ మంత్రిత్వశాఖకు లోబడి పనిచేయును. మొగల్తూరున 1940లో జన్మించిన చలనచిత్ర నటులు ఉప్పలపాటి కృష్ణంరాజుగారు నరసాపురము నుండి లోక్‌సభకు ఎన్నికై, 2000–2001 సంవత్సరములలో ఆ శాఖకే సహాయమంత్రిగా నుండిరి. రాజధానిలో రాయబార కార్యాలయము, ఇతర ముఖ్య నగరములలో కాన్సులేటు ఉండుట వాడుక. అబూధాబిలో మన రాయబారి యుండగా, దుబాయిలో కాన్సులేటు కలదు. సౌదీ అరేబియాలో రియాదు, జెడ్డాలు అట్టివే. మలేషియా వంటి కామన్వెల్తు దేశములలో రాయబార కార్యాలయమునకే హైకమిషను అని పేరు.

రాయబార కార్యాలయము నిలిచియున్న నేల భారతదేశపు నేలయే యని కొందరు చెప్పుదురు. ఇది నిజము కాదు. నేల ఆ దేశముదే. అయితే 1961లో వియన్నా నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను బట్టి, రాయబారి అనుమతి లేనిదే ఆ దేశపు పోలీసులు గాని, ఇతరాధికారులు గాని ఆ ఆవరణమున అడుగు పెట్టరాదు. ఆపద కలిగి పారిపోయి వచ్చిన స్త్రీ ఆ వాకిలి దాటి లోనికి వచ్చినచో, యజమాని వెంటబడి ఆమెను ఈడ్చుకొని పోజాలడు. కాని ఆమె ఆ దేశమును విడిచి స్వదేశమునకు పోవుటకు ఆ దేశపు అధికారుల అనుమతి కావలసినదే. ఈ రెండు విషయములను కలిపి గ్రహించినగాని రాయబార కార్యాలయపు బలము ఎంతయో, ఎచ్చటికి ఆ బలము ఆగిపోవునో తెలియదు.

మనవారు సముద్రము దాటుట నేటి మాట కాదు. మదరాసు రేవున కూలీలను ఎక్కించుకొనిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని నేటాలు తీరమునకు చేరెను. తరువాతి దశాబ్దములలో తెలుగు జిల్లాల నుండియు వేలకొలది జనులు ఒప్పందపు కూలీలై అచ్చటి చెరకుతోటలకు పోయిరి. వారి కష్టసుఖములు విచారించుటకు మన దేశము తరఫున ఒక అధికారి యైనను అచ్చట లేడు. ఆరుపదులు దాటిన పిమ్మట, 1927లో, భారత ప్రభుత్వము అచ్చట ఒక ఏజెంటును నియమించెను. మొదటివారు వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు. వారి తరువాత 1929 నుండి 1932 వరకు ఆ పదవిలో నుండినవారు మన ఏలూరివారైన సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు. ఆయన అచ్చట నున్న కాలముననే, 1931లో, దక్షిణాఫ్రికాలోని తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అయినను ఏజెంటు రాయబారి కాడు. పరాధీనమైన దేశమునకు రాయబారులుండరు. అతడు బ్రిటిషు ప్రభుత్వపు మాట దాటి పలుకుటకు వీలులేదు.

ఈ భేదము ఎంతటిదో 1942లో తెలిసినది. ఆ కాలమున రంగూను రేవులోను, వరి మిల్లులలోను పనిచేయు కూలీలలో తెలుగువారు మెండుగా నుండిరి. మన తీరమునుండి పోయిన వారిని అచ్చట కోరంగీలని పిలుచుచుండిరి. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరే వారికి పేరైనది. జపాను సైన్యము బర్మాలో ప్రవేశింపగా, నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఇల్లు, సొమ్ము విడిచి బయలుదేరిరి. వారిలో చాలమంది అడవులు, కొండలు దాటి కాలినడకన అస్సాము, చిట్టగాంగు దారులు పట్టిరి. ఆకలిచేతను, కలరాచేతను వేలకొలది జనులు మార్గమధ్యమున మరణించిరి. స్వతంత్ర దేశము పక్షమున నిలిచి, మావారిని పంపుడని అడుగగలవాడు రంగూనులో లేకపోయెను.

1947 తరువాత స్థితి మారెను. ఆ యేడే వి. వి. గిరిగారు సింహళమునకు భారత హైకమిషనరుగా పోయిరి. 1964 నుండి బర్మా భారతీయులు మరల తరలిరావలసి వచ్చినప్పుడు ప్రభుత్వమే ఓడలు నడిపెను. అట్లు వచ్చిన వారిలో అనేకులు విశాఖపట్టణమున దిగిరి. ఇక 1990 సంగతి చూడుడు. ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైట్‌ను ఆక్రమించెను. అప్పుడు అచ్చట లక్షన్నరకు పైగా భారతీయులుండిరి. బ్యాంకులు మూతపడెను; దినారునకు విలువ లేకపోయెను. విదేశాంగమంత్రి ఐ. కె. గుజ్రాల్‌గారు స్వయముగా బాగ్దాదునకు పోయి మాట్లాడిరి. జనులు బస్సులలో ఇరాకు మీదుగా ఎడారి దాటి, జోర్డాను రాజధానియగు అమ్మానునకు చేరిరి. అచ్చటి నుండి ఎయిర్ ఇండియా విమానములు 59 దినములలో 488 పర్యాయములు నడచి, లక్షకు మించిన జనులను బొంబాయికి చేర్చినవి. పౌరులను ఇంత పెద్దయెత్తున విమానములలో తరలించిన ఉదాహరణము ప్రపంచ చరిత్రలో అంతకుముందు లేదు. 1942లో నడచిన వారును, 1990లో ఎగిరి వచ్చిన వారును ఒకే విధమైన బీదకూలీలు, గుమాస్తాలు. మధ్యలో మారినది వారి వెనుకనున్న దేశము.

యుద్ధము ప్రతిదినము రాదు. రాయబార కార్యాలయపు నిత్యకృత్యము చిన్న చిన్న కాగితములతో జరుగును. అన్నిటిలో మొదటిది పాస్‌పోర్టు. దీనిని విమానమెక్కుటకు టిక్కెట్టు వంటిదని తలచువారు గలరు. నిజమునకిది భారత రాష్ట్రపతి పేర ఇతర దేశములకు వ్రాసిన అభ్యర్థన. ఈ వ్యక్తి మావాడు, ఇతనిని ఆటంకము లేక పోనిచ్చి అవసరమైనచో సహాయము చేయుడని దాని భావము. దాని గడువు పదియేండ్లు. విదేశమున నుండగా గడువు తీరినచో క్రొత్తది ఇచ్చునది రాయబార కార్యాలయమే. పాస్‌పోర్టు పోయి, తక్షణము ఇంటికి రావలసిన వానికి ఒక్క ప్రయాణమునకు మాత్రము చెల్లు అత్యవసర ధ్రువపత్రము నిచ్చును. దీనినే గల్ఫునుండి వచ్చినవారు ఔట్ పాసు అందురు. కువైట్ ప్రభుత్వము 2018లోను, 2024లోను, అకామా గడువు తీరి చాటుగా నుండినవారు జరిమానా లేకుండ పోవచ్చునని క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, రాయబార కార్యాలయమున ఈ పత్రముల కొరకు జనులు బారులు తీరిరి. అకామా యనగా ఆ దేశమున నివసించుటకు ఇచ్చు అనుమతి.

ఇచ్చట మన బడికిని ఆ కార్యాలయమునకును ఒక సంబంధము కలదు. పాస్‌పోర్టులోని పేరునకు, పుట్టినతేదీకి తరచుగా మూలము పదవ తరగతి ధ్రువపత్రము; దానికి మూలము బడిలోని ప్రవేశ పుస్తకము. నేను ప్రధానోపాధ్యాయుడనై యుండిన కాలమున, జూన్ నెలలో బిడ్డను చేర్పింపవచ్చిన తండ్రులను పుట్టినతేదీ అడిగినచో, “ఏదో ఒకటి వేసుకోండి మేష్టారూ” అనుచుండెడివారు. అట్లు వేయించిన తేదీ ధ్రువపత్రమునకు, పాస్‌పోర్టునకు, చివరకు కువైట్ అకామాకు ప్రాకును. పేరు సంగతి ఇంకను చిక్కు. ఇంటిపేరు ముందు చెప్పుట మన ఆచారము. అరబ్బులు తన పేరు తరువాత తండ్రి పేరు, తాత పేరు చెప్పుదురు. పెండ్లియైన స్త్రీకి బడి పత్రములో పుట్టింటి పేరు, ఆధార్ కార్డులో అత్తింటి పేరు ఉండును. పాస్‌పోర్టు పోగొట్టుకొని రాయబార కార్యాలయపు కిటికీ ముందు నిలుచున్న స్త్రీ తానెవరో నిరూపించుకొనవలసి వచ్చినప్పుడు, ఈ రెండు పేర్లును ఒకరివే యని తేల్చుటకు ఢిల్లీ నుండి జిల్లాకు, జిల్లా నుండి గ్రామమునకు విచారణ రావలసి యుండును. అన్ని దినములును ఆమె అచ్చటనే కాచుకొని యుండవలెను.

పదవ తరగతికి మరియొక ప్రయోజనము గలదు. ఆ పరీక్షలో ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుకు సాధారణముగా ఈసీఆర్ అను గుర్తు ఉండును. అనగా గల్ఫు దేశములతో కూడిన 18 దేశములకు ఉద్యోగమునకై పోవుటకు ముందు ప్రవాసుల సంరక్షకుడను అధికారి అనుమతి పొందవలెను. 1983 నాటి వలసల చట్టము ఈ నియమము నేర్పరచినది. ఇది తమను ఆపుటకు పెట్టిన గోడయని కొందరనుకొందురు. ఒప్పందములో జీతమెంత, పని యేమి, యజమాని యెవడు అని ముందుగా చూచుటకు పెట్టిన గడపయని నేననుకొందును. ఈ మార్గమున పోయిన వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద, ప్రమాదమున మరణించినచో 10 లక్షల రూపాయల బీమా గలదు. ఈ గుర్తు గల పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పది యేండ్లు నిండియుండవలెననియు, ఆమెను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెననియు నియమములు వచ్చినవి. రెండవ నియమము 2016లో చేసినది.

ఈ గడపను తప్పించుటకే కొందరు ఏజెంట్లు స్త్రీలను విజిట్ వీసా మీద, వేరు నగరముల మీదుగా పంపుదురు. అట్లు పోయిన స్త్రీ పేరు ఏ పుస్తకమునను ఉండదు. ఆమె యజమాని యెవరో మన రాయబార కార్యాలయమునకు తెలియదు. ఆమె చేత ఒప్పందము లేదు. ఆమె కష్టములో నున్నదని మొగల్తూరు నుండి కబురు వచ్చినను, ఆ మహానగరమున ఏ తలుపు తట్టవలెను? ఏజెంటు అపహరించునది సొమ్ము మాత్రమే యని తలంపరాదు. అతడు ఆమెకును దేశమునకును నడుమనున్న దారమును తెంపివేయును.

ఒప్పందముతో పోయిన వారికి రాయబార కార్యాలయమున శ్రామిక విభాగ మొకటి తోడుగా నుండును. జీతము ఇవ్వని యజమానిని పిలిపించి మాట్లాడుట, సాధ్యము కానిచో ఆ దేశపు శ్రామికాధికారులకు ఫిర్యాదు చేయించుట వీరి పని. కువైట్ 2015లో ఇంటి పనివారి కొరకు చట్టము చేసినది. దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదు. వారమునకొక దినము విశ్రాంతి ఇయ్యవలెను. పనివారి పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకొనరాదు. ఈ సంగతి తెలియక, పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలో నుండుటయే న్యాయమని భావించు స్త్రీలు నేటికిని గలరు. 2021 జూన్‌లో ఇంటి పనివారిని గూర్చి భారతదేశమునకును కువైట్‌కును ప్రత్యేకముగా ఒక ఒప్పందము కుదిరినది. పారిపోయి వచ్చిన స్త్రీలు నిలుచుటకు రాయబార కార్యాలయపు ఆధ్వర్యమున ఆశ్రయ గృహము గలదు. వారి భోజనమునకు, విమానపు టిక్కెట్టునకు డబ్బెచ్చటిదని మీరడుగవచ్చును. 2009లో భారత సమాజ సంక్షేమ నిధి యని ఒకటి నెలకొల్పబడినది. పాస్‌పోర్టు మొదలైన పనులకు వచ్చువారందరి నుండియు కొద్దిపాటి రుసుము తీసికొని ఈ నిధిలో చేర్చుదురు. అనగా అచ్చటి ఇంజనీరు తన పాస్‌పోర్టు మార్పించుకొనునప్పుడు ఇచ్చిన సొమ్ములో కొంత, దిక్కులేని ఒక వంటమనిషి ఇంటికి చేరుటకు ఉపయోగపడును.

ఈ నిధినుండియే మరియొక వ్యయము జరుగును. పరదేశమున మరణించినవాని దేహమును స్వగ్రామమునకు చేర్చుట చాల కాగితములతో కూడిన పని. ఆస్పత్రి పత్రము, పోలీసుల అనుమతి, కుటుంబపు సమ్మతి, రాయబార కార్యాలయపు నిరాక్షేపణ పత్రము — ఇవన్నియు కూడినగాని పెట్టె విమానమెక్కదు. మరణించినవాని పాస్‌పోర్టును రద్దుచేసి, మరణమును తమ పుస్తకమున నమోదు చేయుదురు. కుటుంబమునకు రావలసిన జీతబాకీలకు, పరిహారమునకు ఆ నమోదే ఆధారము.

మరణమునకే గాక జననమునకును అచ్చట పుస్తక మున్నది. కువైట్‌లో పుట్టినంత మాత్రమున బిడ్డకు కువైట్ పౌరసత్వము రాదు. మన పౌరసత్వ చట్టమును బట్టి, 2004 డిసెంబరు 3వ తేదీ తరువాత విదేశమున భారతీయులకు పుట్టిన బిడ్డ పేరును, సంవత్సరము లోపల మన రాయబార కార్యాలయమునగాని కాన్సులేటునగాని నమోదు చేయింపవలెను. గడువు దాటినచో కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. ఆ కార్యాలయపు పుస్తకములన్నిటిలో నేను మిక్కిలి గౌరవించునది ఈ పుస్తకమును. ఇందులో ఒక వరుస వ్రాయకపోయినచో ఒక పసిబిడ్డ ఏ దేశమునకును చెందక మిగులును.

రాయబారి చేయలేనివియు గలవు. మనవాడు నేరము చేసి పట్టుబడినచో అతనిని విడిపింపజాలడు. ఆ దేశపు న్యాయస్థానములో జోక్యము కలిగించుకొనరాదు. అయితే 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణము ప్రకారము, నిర్బంధింపబడినవాడు తన దేశపు కార్యాలయమునకు తెలుపుమని కోరవచ్చును. మన అధికారి చెరసాలకు పోయి అతనిని చూడవచ్చును, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చును. అరబ్బీ తెలియని ఒక కూలీకి, తన మాట అర్థము చేసికొనువాడొకడు ఎదుట కూర్చుండుట ఎంతటి ధైర్యమో ఊహింపుడు.

సంతోషపు దినములును ఆ ఆవరణమున జరుగును. ఆగస్టు 15, జనవరి 26 తేదీలలో జాతీయ పతాకము నెగురవేయుదురు. గాంధీజీ దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చిన జనవరి 9వ తేదీ, 2003 నుండి ప్రవాసీ భారతీయ దివసముగా జరుగుచున్నది. 2021 సెప్టెంబరులో వైద్యవిద్య ప్రవేశపరీక్షయగు నీట్ మొదటిసారిగా విదేశమున జరిగినప్పుడు, కువైట్‌లోని మన విద్యార్థులు ఆ పరీక్షను రాయబార కార్యాలయపు ఆవరణముననే వ్రాసిరి. ఓటు హక్కు మాత్రము ఇంకను సగము దూరముననే నిలిచియున్నది. 2010లో చేసిన చట్టసవరణ వలన ప్రవాసులు తమ గ్రామపు ఓటర్ల జాబితాలో చేరవచ్చును గాని, ఓటు వేయుటకు స్వయముగా ఇచ్చటికి రావలెను. నెలజీతపు పనిమనిషి ఒక్క ఓటునకై విమానపు ఖర్చు భరింపగలదా?

ఇక ఇంటనున్నవారు ఆ కార్యాలయమునకు కబురు చేయు విధము తెలిసికొనుట మేలు. 2015లో విదేశాంగశాఖ మదద్ అను ఫిర్యాదుల వ్యవస్థను ఏర్పరచినది. కంప్యూటరులోగాని, ఫోనులోగాని దీనిలో వ్రాయవచ్చును. పాస్‌పోర్టులో నున్నట్లే పేరు, పాస్‌పోర్టు సంఖ్య, పోయిన తేదీ, వీసా నకలు, యజమాని పేరు, ఫోను, అతని ఇల్లున్న ప్రాంతము, చివరిసారి మాట్లాడిన దినము, పంపిన ఏజెంటు వివరము — వీటిలో ఎన్ని తెలిసిన అంత త్వరగా పని నడచును. తల్లి ప్రయాణమగుటకు ముందే ఈ కాగితముల ఫోటోలు తీసి ఇంటనుంచుకొనిన కుటుంబములకు వెదకులాట తప్పును. వ్రాసిన పిమ్మట ఫిర్యాదునకు ఒక సంఖ్య వచ్చును. 2022 నుండి జిల్లా కేంద్రమైన భీమవరమున కలెక్టరు కార్యాలయమునకు పోయినను, ప్రవాసాంధ్రుల కొరకు రాష్ట్రప్రభుత్వము నెలకొల్పిన ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీని అడిగినను, మొదట చూపవలసినది ఆ సంఖ్యనే.